సైరన్‌కు లేవని తరగతి

గోపాల్ నెత్తురు ముందు బెంచీ మీద పడింది, తర్వాత నేల మీద. బడి మళ్లీ తెరిచి ఇంకా వారం కాలేదు.

మధ్యాహ్నం బొగ్గు గని సైరన్ మోగగానే పిల్లలంతా ఊరవతలి రోడ్డుకు పరుగెత్తారు. గోపాల్ సంచి కోసం వెనక్కి వెళ్లాడు. బ్లాస్టింగ్ అయింది. నేల గుటక వేసినట్టు కదిలింది. పదో తరగతి పైకప్పు పెచ్చు ఊడి వాడి తల మీద పడింది. వాణ్ని మొదట చూసింది అదే తరగతి వనిత.

కరోనాతో బడి మూసిన ఏడాదిన్నరలో గని మూసుకోలేదు. జనం తలుపులు వేసుకుని ఉన్నప్పుడు అది నెమ్మదిగా తవ్వుకుంటూ బడి వెనకకు వచ్చి నిలబడింది. ఇప్పుడు తరగతిలో అందరూ ఒక కాలు బెంచీ బయట పెట్టి కూర్చుంటున్నారు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. సరిహద్దు ఊరు గనుక బడి చదువు మరాఠీలో; వనిత పుస్తకంలో ఆ అక్షరాలను చూస్తుంది, చెవి మాత్రం సైరన్ దగ్గర ఉంటుంది. చదివిన వాక్యం లోపలికి దిగదు.

మరునాడు గని మట్టి తవ్వకం కాంట్రాక్టరు అనంతరావు బడి ముందు జీపు దిగాడు.

"చూసిన్రు గదా, బడి పడిపోయేటట్టున్నది. సోమవారం తాళం వేస్తం. పిల్లలను రాజురాకు పంపుకోన్రి."

తాలూకా పట్నం రాజురాకు బస్సు లేదు, ఉన్నది బొగ్గు డంపర్లు తిరిగే రోడ్డే. తాళం పడితే తన చోటు ఎక్కడో వనితకు తెలుసు. లాక్‌డౌన్‌లో లారీల మీదికి ఎక్కి బొగ్గు మీద తాడుపత్రి పట్టా కప్పి కట్టింది. "నీ బిడ్డకు చెయ్యి మస్తు నడుస్తది పోచన్నా," అని కూలీలను చూసే గని మున్షీ ఆమెను పనికి పంపమని నిన్ననే తండ్రిని మళ్లీ అడిగాడు.

సాయంత్రం బడి ముందు జనం పోగయ్యారు.

"నా మనుమని తల పగులగొట్టింది వాళ్ల బ్లాస్టింగు," అంది గోపాల్ నాయనమ్మ లస్మవ్వ. "పగులగొట్టినోడే వచ్చి తాళం వేస్తడా? ఇదేం న్యాయం, ఇదేం ఇన్సాఫ్?"

"మెల్లగ, అవ్వా," అన్నాడు డంపర్ నడిపే మొండయ్య. "రేపు నా గేటు పాసు గుంజుకుంటరు. కరోనాల గుంజుకుంటే గంజి తాగినం, మరిచినవా?"

"మరువలే. నువ్వు రెండు గిన్నెలు తాగినవ్, అది గూడ మరువలే."

జనం నవ్వారు. మొండయ్య తల దించుకున్నాడు.

లెక్కల మాస్టరు సదానందం లేచాడు. "కొత్త బడి కట్టేదాక ఇది మూయొద్దు. బడి నడిచేటప్పుడు పేల్చొద్దు. అడగాల్సింది గింతే. దగ్గర్ల మనుషులుంటే పేల్చొద్దని వాళ్ల రూలే ఉన్నది. మనం లేచి పోతున్నం గనుకనే పేలుస్తున్నరు."

"లేవకుంటే?"

అన్నది వనితే. బడి తెరిచాక ఆమె గట్టిగా పలికిన మొదటి మాట అది. అందరూ ఆమెను చూడలేదు, పోచన్నను చూశారు. బ్లాస్టింగ్‌కు ముందు చుట్టుపక్కల మనుషులను ఖాళీ చేయించి పచ్చజెండా ఊపేది అతనే. గోపాల్ లోపల ఉన్న రోజు కూడా ఊపింది అతనే.

ఇంటి దారిలో తండ్రి అడిగాడు. "నువ్వు లేవకుంటే నేనేం జెయ్యాలె, బిడ్డా?"

"ఏం జేస్తవో నాకేమెరుక, బాపు."

"మున్షీ మీద నిలవడి, జల్ది జల్ది అంటడు. అప్పుడు నాకు కండ్లు కనవడయి."

ఆమెకు తండ్రి మీద కోపం రాలేదు. అతను చెప్పింది తన సంగతిలాగే అనిపించింది, సైరన్ మోగితే తనకూ ఏమీ కనపడదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది.

సోమవారం పొద్దున్నే పిల్లలు గదిలో కూర్చున్నారు. ఆడవాళ్లు వరండాలో కూర్చున్నారు. లేవబోమని అందరూ అనుకున్నారు. సైరన్ మోగింది.

రోడ్డు మీదికి వచ్చాక గాని ఎవరికీ తెలియలేదు, తాము పరుగెత్తామని. లస్మవ్వ చెప్పులు కూడా లేకుండా వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో నవ్వారు. వనిత పక్కన కూర్చునే శ్రావణి ఏడ్చింది. భయం గుండెలో ఉంటుందని వనిత ఇన్నాళ్లూ అనుకుంది. అది మోకాళ్లలో ఉంది. మనిషిని అడగకుండానే లేస్తుంది.

వెనక్కి వెళ్లేసరికి తలుపుకు అనంతరావు వేయించిన తాళం ఉంది.

మంగళవారం లస్మవ్వ బండరాయితో ఆ తాళం పగలగొట్టింది. వనిత తాడుపత్రి తాళ్లు తెచ్చింది. తన కాలును బెంచీకి కట్టుకుంది, తర్వాత శ్రావణి కాలును.

"గిదేం ముడే?" అంది శ్రావణి.

"లారీ ముడి. గుంజితే ఇంకింత బిగుస్తది."

"వాళ్లు నిజంగనే పేలిస్తే?"

వనిత ముడిని ఇంకోసారి గుంజి చూసింది. శ్రావణి ఇంకో తాడు అందుకుని పక్క పిల్ల వైపు వంగింది. సదానందం కుర్చీకి తన కాలు తానే కట్టుకుని సమీకరణం మొదలుపెట్టాడు. వరండాలో ఆడవాళ్లు కొంగులు కలిపి ముడివేసుకున్నారు.

సైరన్ మోగింది. గదిలో బెంచీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. తాళ్లు చర్మంలోకి దిగాయి. ఎవరూ లేవలేదు.

పోచన్న ఈల ఊదుతూ వచ్చి కిటికీ దగ్గర ఆగాడు. కూతురి కాలు చూశాడు. ఈల నోట్లోంచి జారింది. చేతిలోని వైర్‌లెస్ అరిచింది.

"పోచన్నా, ఖాళీ అయిందా? జెండా ఊపు, జల్ది!"

వనిత తండ్రిని బతిమాలలేదు. చూస్తూ కూర్చుంది. అతను వైర్‌లెస్‌ను నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు.

"ఖాళీ గాలే," అన్నాడు.

"వెళ్లగొట్టు మరి!"

"వెళ్లగొట్ట. పోరలు చదువుకుంటున్నరు. ఇయ్యాల ఖాళీ గాదు."

గని ఆగింది. అంత నిశ్శబ్దాన్ని ఆ ఊరు లాక్‌డౌన్‌లో కూడా వినలేదు.

పోలీసులు వచ్చి పోచన్నను, సదానందాన్ని జీపులోకి తోశారు. మొండయ్య తన డంపర్‌ను రోడ్డుకు అడ్డం పెట్టి దిగాడు.

"బండి తీయరా!"

"చెడిపోయింది, సాబ్."

వెనక ఇంకో డంపర్ ఆగింది. "నాది గూడ, సాబ్."

"అన్ని బండ్లకు ఒక్కసారే ఏమైందిరా?"

"కరోనా, సాబ్."

లాఠీ మొండయ్య దవడ మీద పడింది. అతను చక్రానికి ఆనుకుని కూర్చుండిపోయాడు, తాళంచెవి మాత్రం ఇవ్వలేదు. జీపు పత్తి చేలు తొక్కుకుంటూ రాజురా వైపు పోయింది.

వనిత ముడి విప్పుకుంది. తాడు ఒరుసుకున్నచోట నెత్తురు ఊరుతోంది. కాలు తిమ్మిరెక్కింది. అయినా నిలబడింది.

"ఏడికే?" అంది లస్మవ్వ.

"ఠాణాకు. బాపును, సర్‌ను తోల్కరావాలె."

"ఒక్కదానివా?"

"సగం మంది రాన్రి. సగం మంది ఈడనే కూసోన్రి. బడి ఖాళీ కావద్దు."

ఎవరు వెళ్లాలి, ఎవరు ఉండాలి అని గదిలో గొడవ మొదలైంది. ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి తలకు కట్టుతో వచ్చిన గోపాల్ కాళ్లు చాపి, "నన్ను ఈడనే కట్టున్రి," అన్నాడు.