నాకోసం అడిగిన ఏడాది

"ఈసారి కూడా ఓపిక అనే చెప్పెయ్. నీకదే నప్పుతుంది," అన్నారు మావారు, నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. నవ్వుతూనే అన్నారు.

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున్నే మా ఇంట్లో అందరం ప్రార్థనకు కూర్చుంటాం. అయ్యాక ఒక్కొక్కరూ ఆ ఏడాది ఏం చేయదలచుకున్నారో దేవుడి ముందు పైకి చెప్పాలి. అత్తగారు పెట్టిన నియమం అది. ఆవిడ మోకాళ్లు సహకరిస్తే రోజూ నడుస్తానంటారు. మావారు షాపు పెద్దది చేస్తానంటారు. నేను ఓపిక పెంచుకుంటానంటాను. పెళ్లయిన దగ్గర్నుంచీ పెంచుతూనే ఉన్నాను. అదే ఏ తీగో అయ్యుంటే ఈపాటికి మా కప్పెక్కి పక్కింటి మీదికి పాకి ఉండేది.

ఒక్కసారి మాత్రం వేరేమాట అన్నాను. మా అమ్మాయి అప్పుడింకా ఒకటో తరగతి. "కంటి పరీక్షలు చేయడం నేర్చుకుంటాను," అన్నాను. మాది కళ్లద్దాల షాపు. వెనకగదిలో మిషను ముందు కూర్చుని అద్దాల అంచులు అరగదీసి, ఫ్రేముల్లో బిగించేది నేను. ముందు కుర్చీలో కూర్చునేది ఆయన. వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూస్తే, "మా ఆవిడ. ఊరికే, ఇంట్లో తోచక వస్తుంటుంది," అంటారు. తోచక వచ్చినదాని వేళ్లకి ఎప్పుడూ ఏదో ఒక గాటు ఉంటుంది.

కంటి ఆసుపత్రిలో కోర్సులో చేరాను. వారం తిరక్కుండానే పిల్ల మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నేను క్లాసులో ఉన్నాను. పరిగెత్తుకుంటూ వచ్చేసరికి దానికి కట్టు కడుతున్నారు. "ఆడదాని కోరికకి కాళ్లొస్తే ఇల్లు కుంటిదవుతుంది," అన్నారు అత్తగారు, అక్కడున్నవాళ్లందరూ వినేలా. మావారు మాత్రం అరవలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "దేవుడు నోరు తెరిచి చెప్పడు. ఇలాగే చెప్తాడు," అన్నారు. అరిచి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. ఆ మెత్తని మాట మాత్రం ముల్లులా దిగి లోపలే ఉండిపోయింది. పిల్ల పడినప్పుడు ఇంట్లో వాళ్లిద్దరూ ఉన్నారన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకూ తట్టలేదు.

ఆ రోజునుంచీ నాకు కోరికంటేనే భయం. మంచి చీర చూసి బాగుందనుకున్నా వెంటనే లెంపలేసుకునేదాన్ని. బడినుంచి ఫోనొస్తే ఈవేళ నేనేం కోరుకున్నానా అని మొదట నన్నే తడుముకునేదాన్ని. నా ప్రార్థనలన్నీ బేరాలే. నాకేమీ వద్దు స్వామీ, పిల్లని చల్లగా చూడు. నాకేమీ వద్దు, ఆయన కోపం తగ్గించు. దేవుడంటే తలుపు పక్కన బెత్తంతో నిలబడ్డ మనిషిలా కనిపించేవాడు.

పోయిన ఏడాది చివర్లో, ఆసుపత్రినుంచి మా షాపుకి చీటీలు రాసిపంపే డాక్టరమ్మ తన కళ్లద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చి, వెనకగది గుమ్మంలో నిలబడింది. "కొత్త బ్యాచి మొదలవుతోంది. అప్పుడు మధ్యలో ఆపేశావుగా, మళ్లీ రావచ్చుగా?" అంది. ఆవిడ వెళ్లాక మిషను ఆపి, ఆ గాజుపొడి మధ్యనే కళ్లు మూసుకున్నాను. దేవుడా, ఇది నువ్వు పంపిన మాటా, నా ఆశేనా? ఏదో ఒక గుర్తు చూపించు, కానీ పిల్ల జోలికి మాత్రం వెళ్లకు. ఆ చివరిమాట దగ్గర ఆగిపోయాను. పిల్ల జోలికి వెళ్లొద్దని నేను బతిమాలుకుంటున్నది ఎవర్ని?

గుర్తేమీ రాలేదు. కొత్త సంవత్సరం వచ్చింది.

ప్రార్థన అయ్యాక అత్తగారు తన మోకాళ్ల మాట చెప్పారు, ఆయన షాపు మాట చెప్పారు. "నువ్వు చెప్పవే," అన్నారు అత్తగారు మనవరాలితో. అది ఇప్పుడు ఎనిమిదో తరగతి. తల వంచుకుని చాప పోచలు పీకుతోంది.

"నాకేం వద్దు నానమ్మా."

"అదేంటే, ఈత పోటీకి వెళ్తానని గోల చేశావుగా?" అన్నారు మావారు.

"వద్దు నాన్నా. నేనేదైనా కావాలనుకుంటే అమ్మకేమైనా అవుతుందేమో."

అత్తగారు మురిసిపోయారు. "బంగారుతల్లి! తల్లిమీద ఎంత ప్రేమో చూడు!"

అది ప్రేమ కాదు. అది నా భయం. దానికి నా ముక్కూ నా జుట్టూ వచ్చినట్టే ఇదీ వచ్చేసింది. నేను అడిగిన గుర్తు ఇంతకంటే తేటగా ఎలా వస్తుంది?

"ఇంక నువ్వు. ఓపికేగా?" అన్నారు మావారు.

"కంటి పరీక్షల కోర్సులో మళ్లీ చేరతాను. దేవుణ్ణి అడిగాను. చేరమనే అన్నాడనుకుంటున్నాను," అన్నాను.

అత్తగారు లేస్తూ, "ఒకసారి చెప్తే అర్థంకాని వాళ్లకి రెండోసారి ఇంకా గట్టిగా చెప్తాడు," అన్నారు. ఆయన ఆ మాటని కాదనలేదు. పిల్ల మాత్రం నన్నే చూస్తూ ఉండిపోయింది.

నా క్లాసులు మొదలయ్యే రోజు పొద్దున్న పిల్లని లేపబోతే ఒళ్లు కాలిపోతోంది.

"చూశావా?" అన్నారు అత్తగారు వెనకనుంచి. భుజానున్న బ్యాగు దించేద్దామనుకున్నాను, దాదాపు దించేశాను కూడా. అప్పుడు పిల్ల కళ్లు తెరిచి, "నీ క్లాసు వల్లేనా అమ్మా?" అంది. ఆ గొంతులో నిందలేదు. నిజంగానే అడుగుతోంది.

"కాదమ్మా," అన్నాను. "నిన్న తడిజుట్టుతో తిరిగావు. లేకపోతే బడిలో ఎవరినుంచో అంటుకుంది. జ్వరాలకి మన కోరికలతో పనిలేదు." మాత్ర వేసి, నీళ్లు పక్కన పెట్టి, హాల్లోకి వచ్చాను. "పిల్లకి జ్వరంగా ఉంది. ఈపూట మీరు దాని దగ్గరుండండి."

"మరి షాపు?"

"ఈపూట మూసెయ్యండి."

ఆయన ఏమన్నారో వినే ధైర్యం లేక చెప్పులేసుకున్నాను. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ప్రతి స్టాపులోనూ దిగిపోదామనిపించింది. దేవుడా, భయంగా ఉంది, నాతో ఉండు, అన్నాను. బేరంలేని ప్రార్థన అది, బహుశా మొదటిది.

క్లాసు గుమ్మంలో ఉండగా ఫోను మోగింది. మావారు.

"జ్వరం చూసేది... అదే, థర్మామీటరు, ఎక్కడుంటుంది?"

"మనింట్లోనే ఉంటుందండీ," అన్నాను. "వెతకండి."