మంచినీళ్ళ క్యాన్ నాలుగు

కర్టెన్లమ్మ ఫోన్‌లో మంచినీళ్ళ క్యాన్ల వాళ్ళ నంబర్లు నాలుగున్నాయి. నిజానికి ఆ ఇంటికి నీళ్ళు వేసేది ఒక్కడే. వాడిది మొదటి నంబరు. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు అని ఉన్నవన్నీ ఒకే ఆవిడవి. ఆవిడకీ నీళ్ళకీ ఏ సంబంధమూ లేదు. సంబంధం ఉన్నదల్లా కర్టెన్లమ్మ మొగుడితో, అదీ అయిపోయిన సంబంధం.

మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊరికి ఆ చివర ఒక తొమ్మిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు ఆ మధ్య తెగ పాడయ్యేది. అందులో కాపురమున్నవాళ్ళు మాత్రం తమ లిఫ్టు బంగారంలా పనిచేస్తోందనే అనుకునేవారు. పై అంతస్తులో ఒంటరిగా ఉండే ఆవిడ ఫోన్ చేస్తే చాలు, ఈయన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. ఒకరోజు ఆ బిల్డింగు వాచ్‌మన్ భార్య కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చి, "మీవారికి మా లిఫ్టంటే ప్రాణమమ్మా, పై అంతస్తు ఆవిడ పిలిస్తే చాలు, ఆదివారం కూడా వచ్చి చూసి వెళ్తారు" అని మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. దాంతో బండారమంతా బయటపడింది.

గొడవ జరిగింది కానీ గొడవలా జరగలేదు. అత్తగారికి అప్పుడే గుండె ఆపరేషనయ్యింది. పక్క గదిలో పడుకుని ఉంది. మనసుకి కష్టం కలిగించే మాటేదీ ఆవిడ చెవిన పడకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని కర్టెన్లమ్మ కుట్టుమిషను చప్పుడు చాటున ఏడ్చింది, ఆ చాటునే మొగుణ్ణి తిట్టింది. ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ వీధి మొహం చూడనన్నాడు. అన్నట్టే చూడలేదు కూడా. ఆ పై అంతస్తు ఆవిడతో ఒక్క ముక్క చెప్పకుండా తన ఫోన్ నంబరు మార్చేసుకుని, ఇక పీడ వదిలిందని చేతులు దులుపుకున్నాడు. ఇలాంటి తెలివితేటలు కొందరికి పుట్టుకతోనే వస్తాయి.

ఆయన్ని వదిలిన పీడ వచ్చి కర్టెన్లమ్మని పట్టుకుంది. ఆమె నంబరు కనుక్కోవడం ఏమంత కష్టం కాదు. ఇంటి ముందు గది కిటికీ మీద 'కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టబడును' అన్న బోర్డు కింద కొట్టొచ్చినట్టు రాసి ఉంది. పదేళ్ళుగా జనం నోళ్ళలో నానిన నంబరు, మార్చుకుంటే బేరాలన్నీ పోతాయి. మొదట్లో ఫోన్ మోగేది, ఎత్తితే అవతల ఊపిరి తప్ప మాట ఉండేది కాదు. తర్వాత మాటలు మొదలయ్యాయి. "నీ మొగుడు నా దగ్గర ఎంత నవ్వేవాడో తెలుసా?" అనేది. ఎవరో కొత్త ఇల్లు కొన్నట్టు గొంతు మార్చి, కిటికీల కొలతలకి రమ్మని తాళం వేసిన ఇంటికి పంపేది. ఒక నంబరుని ఆపేస్తే ఇంకో నంబరు నుంచి చేసేది. చివరికి అసలు అస్త్రం తీసింది. "ఫోన్ మీ అత్తగారికివ్వు. కొడుకు ఘనకార్యం ఆవిడకీ తెలియాలి" అంది.

అక్కడే కర్టెన్లమ్మకి భయం పట్టుకుంది. తల్లి లేని పిల్లగా ఆ ఇంటికి వస్తే, దగ్గర కూర్చోబెట్టుకుని కత్తెర పట్టడం నేర్పింది అత్తగారే. ఆవిడకేమైనా అయితే తట్టుకోలేదు. ఆవిడకేమో ఫోన్ మోగితే చాలు, చేతులాగవు. తెర మీద పేరు బయటికి చదివి మరీ కోడలికి అందిస్తుంది. అందుకే కర్టెన్లమ్మ, ఆపేస్తే మళ్ళీ కొత్త నంబరు పుట్టుకొస్తుందని, ఆ నంబర్లని ఆపడం మాని నీళ్ళ పేరు పెట్టింది. "మంచినీళ్ళ క్యాన్ మూడు" అని అత్తగారు చదవడం, ఈమె అందుకుని కట్ చేయడం. అలా కొన్నాళ్ళు సాగింది.

"మనం నీళ్ళు మరీ ఎక్కువ తాగుతున్నామేమో అమ్మాయ్" అంది అత్తగారు ఒకసారి.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం కర్టెన్లమ్మ స్టూలెక్కి, రెండు చేతులా బరువైన గుడ్డ ఎత్తి పట్టుకుని, పెదాల మధ్య గుండుసూదులు బిగించి మడతలు సరిచూస్తోంది. ఫోన్ మోగింది.

"మంచినీళ్ళ క్యాన్ నాలుగు" అని చదివింది అత్తగారు. కోడలి అవస్థ చూసి, "నువ్వు కానీ, నేను చూసుకుంటాలే" అని స్పీకర్ నొక్కింది. అవతల ఆడగొంతు హలో అంది.

కర్టెన్లమ్మ వద్దని అరవబోయింది. నోటినిండా సూదులు. "మ్... మ్..." అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు.

"నీళ్ళమ్మాయివేనా? నీకోసమే చూస్తున్నాను" అని అందుకుంది అత్తగారు. "మొన్న వేసిన క్యాను పాచి వాసన. మూత కూడా వదులు."

"నేను నీళ్ళమ్మాయిని కాదు. మీ అబ్బాయి గురించి మాట్లాడాలి."

"వాడితో ఏం లాభం, వాడికి వాసనలు తెలియవు. నాతో మాట్లాడు."

"మీ అబ్బాయి ఏడాదిపాటు నా దగ్గరికి వచ్చాడండీ."

"వచ్చే ఉంటాడు. ఖాళీ క్యాన్లు తిరిగిచ్చాడా లేదా?"

"క్యాన్లు కాదు" అని ఆవిడ గొంతు పెంచింది. "మీ అబ్బాయికీ నాకూ సంబంధం ఉండేది. మీ కోడలికి అంతా తెలుసు. తెలిసి మీ దగ్గర దాస్తోంది."

గుడ్డ కుప్పకూలింది. కర్టెన్లమ్మ సూదులు అరచేతిలోకి ఉమ్మేసి స్టూలు దిగింది. అత్తగారు ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఫోన్ తెర వంక ఇంకోసారి చూసింది. నీళ్ళ క్యాన్లు ఎందుకు పెరుగుతూ పోయాయో అప్పుడర్థమయ్యింది.

"ఇప్పుడూ వస్తున్నాడా?" అని అడిగింది.

"లేదు. చెప్పాపెట్టకుండా మానేశాడు. నంబరు మార్చేశాడు."

"వాడు మారిస్తే మా అమ్మాయికి చేస్తున్నావా?"

"మరి నేనెవరిని అడగాలి?" ఆ గొంతులో ఉక్రోషం పోయి ఏడుపు వచ్చింది.

"చెప్పకుండా పోవడం తప్పేనమ్మా" అంది అత్తగారు. "కానీ ఇందులో మా పిల్ల చేసిన పాపమేముంది? సాయంత్రం వాడు ఇంటికొస్తాడు. ఇదే నంబరు నుంచి వాడి చేతే మాట్లాడిస్తాను, ఒక్కసారి. ఆ తర్వాత కూడా చేశావంటే ఎత్తేది నేనే. నాకు పనీపాటా లేదు, మాట్లాడే మనిషి దొరికితే వదలను. నా ఆపరేషను కథ మొదట్నుంచీ చెప్తాను. అప్పటికీ మానకపోతే నిన్ను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకి వెళ్ళి, మిగతా కథ అక్కడ చెప్తాను."

ఫోన్ పెట్టేసింది. కర్టెన్లమ్మ మాత్రల డబ్బా, గ్లాసుడు నీళ్ళూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అత్తగారు గ్లాసు వాసన చూసి పక్కన పెట్టింది. "ఇవి నిజంగానే వాసనొస్తున్నాయి."

"అత్తయ్యా, గుండెలో ఎలా ఉంది? డాక్టరుగారు మీ మనసుకి కష్టం కలిగించొద్దన్నారు. అందుకే..."

"నా మనసు సంగతి డాక్టరు చూసుకున్నాడు. నీ మనసు సంగతి ఎవరు చూశారే?"

కర్టెన్లమ్మ ఆవిడ ఒళ్ళో తల పెట్టి బావురుమంది. ఇన్ని నెలల్లో మొదటిసారి, ఎవరు వింటారోనన్న బెంగ లేకుండా, లిఫ్టు దగ్గర్నుంచి అంతా చెప్పుకుంటూ ఏడ్చింది. ఏడుస్తుంటే హాయిగా ఉంది.

సాయంత్రం మొగుడొచ్చాడు. కాళ్ళు కడుక్కునేలోపే తల్లి ఫోన్ చేతిలో పెట్టింది. "ఒరే, నాలుగో నీళ్ళావిడకి చెయ్యి."

"ఎవరమ్మా ఆవిడ?"

"లిఫ్టుండే బిల్డింగులో ఉంటుంది."

ఆయన నీళ్ళు నమిలాడు. "ఏం... ఏం చెప్పాలమ్మా?"

"వెళ్ళేటప్పుడు నన్నడిగి వెళ్ళావా? ఇప్పుడూ నువ్వే ఆలోచించుకో."

ఆడవాళ్ళిద్దరూ చెరో కుర్చీలో కూర్చుని వింటుండగా ఆయన ఫోన్ చేశాడు. మొదట గొంతు సవరించుకున్నాడు. తర్వాత వాతావరణం గురించి ఏదో అనబోయాడు. తల్లి చూసిన చూపుకి దారిలోకొచ్చాడు. "తప్పు నాది. నీకు చెప్పకుండా మానేయడం కూడా తప్పే. నేనిక రాను. నా భార్యకి ఫోన్ చెయ్యొద్దు. ఆమె నీకేమీ బాకీ లేదు."

"ఈ ముక్క ఆ రోజే చెప్పలేకపోయావా?" అంది అవతలావిడ. ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

ఆ రాత్రి అన్నాలయ్యాక మొగుడు ఎవరూ అడక్కుండానే గిన్నెలు తోమడానికి వంటింట్లోకి దూరాడు. అక్కడ నుంచి బయటికొచ్చే ధైర్యం లేక, తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాడు. అత్తగారు కోడలి పక్కన మంచం మీద చేరి గొంతు తగ్గించింది.

"ఏం చేద్దామే వీణ్ణి?"

ఏం చేస్తావ్ అనలేదు, ఏం చేద్దాం అంది. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న వేసుకున్నది కర్టెన్లమ్మ ఒక్కతే. అందులోకి ఇంకో మనిషి వచ్చి కూర్చునేసరికి ఆమెకి ఎక్కళ్ళేని ఓపికా వచ్చింది, దానితోపాటు నవ్వూ వచ్చింది.

"ఇంకా ఆలోచించలేదత్తయ్యా. కొన్నాళ్ళు చూద్దాం."

"చూద్దాంలే, తొందరేముంది" అంది అత్తగారు కాళ్ళు చాపుకుంటూ. "ముందు గిన్నెలు కానివ్వు."