రింగు తగలని బంతి

"ఆడమనిషివి, ఊరి మీద పడి ఈల ఊదకపోతే ఏంటంట?" అంది అత్తగారు, ప్రమీల పచ్చడి మిక్సీ ఆపగానే.

ప్రమీల పచ్చడి గిన్నెలోకి తీసింది. ఇడ్లీలు హాట్‌బాక్సులో పెట్టి, మధ్యాహ్నానికి పప్పుచారు కాచి, భర్త ఎబినేజర్ చొక్కా ఇస్త్రీ చేసి, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి అందుకునేసరికే ఒళ్ళు హూనమైపోయింది. ఆమె ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. బాస్కెట్‌బాల్ రిఫరీ పరీక్ష ఎప్పుడో పాసైనా, ఎక్కడికెళ్ళినా "నువ్వు స్కోరు టేబుల్ దగ్గర కూర్చోమ్మా, నీడపట్టున ఉంటావు" అనేవాళ్ళే. ఒక రిఫరీకి జ్వరం రాబట్టి, బాపట్ల, రేపల్లె అమ్మాయిల ఫైనల్‌కి మొదటిసారి ఆమెను కోర్టులోకి రమ్మన్నారు. ఇంట్లో ఎన్ని చూసినా చూడనట్టు ఉండాలి. కోర్టులో చూడటమే తన పని. ఆ ఒక్క మాట తలుచుకుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆట మొదలైన కాసేపటికే తప్పు జరిగింది. బంతి చేతికొచ్చిన జట్టు ఇరవై నాలుగు సెకన్లలో బుట్టకి వెయ్యాలి. అది రింగుకి తగిలితేనే, ఆ సెకన్లు లెక్కపెట్టే షాట్ క్లాక్ మార్చి ఇంకొంత సమయం ఇవ్వాలి. రేపల్లె అమ్మాయి వేసిన బంతి రింగుని తాకకుండానే కిందకి జారి, మళ్ళీ వాళ్ళ జట్టుకే దొరికింది. టేబుల్ దగ్గర కుర్రాడు తొందరపడి క్లాక్ మార్చేశాడు. ప్రమీల వెంటనే ఊదలేదు. మధ్యలో ఆపితే ఎవరికీ అన్యాయం జరక్కూడదు. బంతి వెనక్కి వెళ్ళేదాకా ఆగి, అప్పుడు ఊదింది. క్లాక్ మార్చకముందు మిగిలిన సెకన్లే పెట్టి, బంతి రేపల్లెకే ఇమ్మని చెప్పింది.

పెద్ద రిఫరీ జగన్నాథరావు అవతలి నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏంటమ్మా ఇది?"

"రింగు తగల్లేదు సార్. నేను కిందే ఉన్నానండి."

"తగిలింది. నేను చూశా." టేబుల్ వైపు తిరిగి, "క్లాక్ అలాగే ఉంచండి" అన్నాడు. చివరి మాట అతనిదే.

"మేడమ్ గారూ, ఇంట్లో గ్యాస్ కట్టేసి వచ్చారా?" అని జనంలోంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. జగన్నాథరావు కూడా నవ్వాడు.

విరామంలో అతను మెల్లగా అన్నాడు: "నీ మంచికే చెప్తున్నా. పిలిపించింది నేనే. మళ్ళీ పిలవాలంటే కొంచెం సర్దుకుపోవాలి." అంతలో ఎబినేజర్ ఫోను. అమ్మ షుగరు టాబ్లెట్లు ఎక్కడున్నాయని. ఫ్రిజ్ మీద ఉన్నాయని చెప్పి, ఆగలేక జరిగింది చెప్పబోయింది. "అక్కడ కూడా గొడవేనా? ప్రతిదీ పట్టించుకోవడం నీకో జబ్బు" అని పెట్టేశాడు. ఇద్దరూ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ఎదురుతిరగడానికి ఏదో ఒకటి దొరికేది. పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్ళలోంచి నీరసం మెల్లగా పైకి పాకింది.

ఆఖరి పది సెకన్లు. బాపట్ల ఒక్క పాయింటు వెనక ఉంది. రేపల్లె బంతి మళ్ళీ రింగు కిందనుంచే పోయి వాళ్ళకే దొరికింది. కుర్రాడు మళ్ళీ క్లాక్ మార్చాడు. మార్చకపోతే రేపల్లెకి రెండు సెకన్లే మిగిలేవి, తర్వాత బంతి బాపట్లకి వచ్చేది. ప్రమీల చూసింది. ఈల పెదాల మధ్యే ఉంది. ఎదురుగా జగన్నాథరావు ఆమెనే చూస్తున్నాడు. ఊపిరి లోపలికి పోయింది గానీ బయటికి రాలేదు. రేపల్లె వాళ్ళు బంతిని చేతులు మార్చుకుంటూనే ఆట ముగించేశారు.

బాపట్ల కెప్టెన్ మాధురి ఆమె దగ్గరకొచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మేడమ్, ఇందాకా మీరే ఆపారు కదా. ఇప్పుడు కూడా తగల్లేదండి. మీరు పక్కనే ఉన్నారు."

"తగిలిందమ్మా" అంది ప్రమీల. గొంతు ఎంతో మెత్తగా, ఆప్యాయంగా వచ్చింది.

మాధురి ఆమె ముఖంలోకి నమ్మకంగా చూసింది. తర్వాత తల దించుకుంది.

"అయితే నాకే సరిగ్గా కనపడలేదేమో. సారీ మేడమ్."

"ఫర్లేదులేమ్మా" అని ఆ పిల్లని క్షమించేసింది ప్రమీల.