కార్పెట్ మీద కుర్చీ

ఫినాయిల్ పోయడం నా బుద్ధితక్కువ పని. మరక పోలేదు సరికదా, దాని చుట్టూ పసుపుపచ్చ గీత ఒకటి కట్టింది. వాసన మరీ ఘోరం.

ఆ మరక మా అత్తమ్మ దేవమణిగారిది. సోమవారం పొద్దున హాల్లో కూర్చుని "గ్రేసీ" అని పిలిచారట. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది, నాకు వినపడలేదు. పక్షవాతం వచ్చాక ఎవరో ఒకరు పట్టుకోనిదే ఆవిడ లేవలేరు. అరిచి పిలవడం ఆవిడకు చేతకాదు. హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినన్నాళ్ళూ ఒక్కసారి పిలిస్తే బడంతా లేచి నిలబడేది మరి. అలా కుర్చీ కింద కార్పెట్ తడిసింది. ఆ రోజు నుంచి ఆవిడ హాల్లోకి రావడం మానేశారు.

శుక్రవారం గృహకూడిక మా ఇంట్లో. మా సంఘంలో ఆఖరి ప్రార్థన మోకాళ్ళ మీదే, నుదురు నేలకు ఆనించి. అంటే వచ్చిన వాళ్ళందరి ముక్కులూ ఆ కార్పెట్ మీదే. తీసి దాచేస్తే, కార్పెట్ ఏదమ్మా అని అందరూ అడిగేవాళ్ళే.

"నేను లోపలి గదిలోనే ఉంటా. తలుపు ఓరగా వెయ్యి, పాటలు వినపడతాయి," అన్నారు అత్తమ్మ.

ఏ కూడికలోనైనా బైబిల్లోంచి కీర్తన చదివేది ఆవిడే. ఆ మనిషి తలుపు చాటున కూర్చుంటానంటే నా ప్రాణం ఉసూరుమంది.

ఆ వారమంతా మరకతోనే నా కాపురం. పొద్దున నందిగామ బస్సు, బడి, మళ్ళీ జగ్గయ్యపేట బస్సు, ఇంటికి రాగానే మరక. రుద్దితే ఇంకా లోపలికి పోతుందని స్టాఫ్‌రూంలో రూబీ చెప్పింది. చన్నీళ్ళలో వెనిగర్ కలిపి పోసి, పాత చీరముక్కతో అద్ది అద్ది తీశాను. వంటసోడా చల్లి, పొద్దున్నే దులిపాను. మా ఆయన బెన్నికి సిమెంటు ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్టు. "పోయినట్టే ఉందిగా," అంటాడు గుమ్మంలోంచి. వంగి వాసన చూడమంటే ఆయనకు ఫోనొస్తుంది.

శుక్రవారం డాబా మీద ఆరేసి వెళ్ళాను. మధ్యాహ్నం జల్లు పడింది. పగలు అత్తమ్మకు తోడుండే లూర్దమ్మ ఒక్కత్తీ దాన్ని దించలేకపోయింది. నేను వచ్చాక ఇద్దరం ఈడ్చుకొచ్చి హాల్లో పరిచి ఫ్యాను పెట్టాం. ఆ గాలికి వాసన గదంతా తిరిగింది. లూర్దమ్మ వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. చీపురు పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

"గ్రేసీ, నా కుర్చీ దాని మీదే వెయ్యి," లోపల్నుంచి అత్తమ్మ గొంతు.

"దేని మీద అత్తమ్మా?"

"మరక మీదే. నేను కూర్చుంటే అక్కడెవరూ మోకరించరు. వాసనొస్తే ముసలిదాని దగ్గర్నుంచి అనుకుంటారు. అనుకోనీ. మంచి చీర తియ్యి."

తడి మీద పాత దుప్పటి మడతలు వేసి, దాని మీద కుర్చీ వేశాను. అత్తమ్మ పట్టుచీర కట్టుకుని అందరికీ వందనాలు చెప్పారు. మాట ముద్దగా వచ్చినా ఆగకుండా కీర్తన చదివారు. పాస్టరుగారు మోకరిద్దామన్నారు. ఆవిడ కుర్చీ పక్కనే మోకరించి, నుదురు కార్పెట్‌కు ఆనించాను. ఎవరో రోగుల కోసం ప్రార్థిస్తున్నారు. నాకు అంతవరకే గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి హాలు ఖాళీ. టీ గ్లాసులు ఎవరో కడిగి బోర్లించి వెళ్ళారు. నా మీద శాలువా కప్పి ఉంది. అత్తమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని నన్నే చూస్తున్నారు.

"అందర్నీ నేనే పంపించేశా. నిన్ను లేపొద్దన్నా."

"మరి మీరు బాత్రూంకి..."

కిందికి చూశాను. కుర్చీ కింద దుప్పటి తడిసి, తడి కార్పెట్ మీదికి పాకింది. పట్టుచీర అంచు కూడా తడిసింది. నాలుగు రోజులు ఆ ఒక్క మరక కోసం మొహం చాటేసిన మనిషి.

"పిలవొచ్చుగా అత్తమ్మా! ఇప్పుడు మిక్సీ కూడా లేదు," అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది.

"పిలుద్దామనే అనుకున్నానే. గురక పెడుతున్నావు."

ఆవిడ చంకల కింద చేతులు వేసి లేపి, మెల్లగా లోపలికి నడిపించి చీర మార్చాను. కార్పెట్ సంగతి రేపు చూసుకోవచ్చు.