చేపల్నేం చేస్తారు?

ఈ కాలనీకి హంసల సరస్సు అని పేరు పెట్టినవాడు ఎవడో గాని, వాడి నోట్లో ఆ సరస్సు నీళ్లు ఒక్క గుక్క పొయ్యాలని నాకు ఎన్నాళ్లనుంచో కోరిక. అది సరస్సు కాదు, కుంట. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఇక్కడ ఇళ్లు కట్టినప్పుడు, వానకి రోడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే మురికంతా ఒకచోట ఆగి అడుగుకి దిగాలని, తేరుకున్న నీళ్లు మాత్రమే కింద కుర్రాంగ్ వాగులోకి పోవాలని తవ్విన గుంట. కాగితాల్లో ఇప్పటికీ దాని పేరు పూడిక గుంట, నంబరు పదిహేడు. పూడిక గుంట పక్కన ఇల్లు అంటే ఎవడు కొంటాడు? అందుకని సరస్సు అన్నారు. కొన్నవాళ్లు నమ్మారు. హంసలు మాత్రం ఇంతవరకూ నమ్మలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

నా పేరు నెవిల్ ట్రెగియర్. కౌన్సిల్లో వాననీటి కాలువల పని నాది. తోటివాళ్లు నన్ను 'బురద' అంటారు, క్రిస్మస్ కార్డు మీద కూడా అదే రాస్తారు. పదకొండేళ్లుగా ప్రతి నెలా మొదటి మంగళవారం ఆ కుంట తూములోకి దిగి, దానికి నేనే బిగించిన సన్నజాలీని చేత్తో శుభ్రం చేస్తున్నాను. ఆ జాలీకి ఏమేం తగులుకుంటాయో చెబితే మీరు ఈ పూట భోజనం మానేస్తారు. పసిపిల్లల డైపర్లు. నీలం రంగు ప్లాస్టిక్ సంచుల్లో ముద్దుగా మూటగట్టి ముడేసిన కుక్కల పెంట. మూట కట్టే ఓపిక ఉంది మహానుభావుడికి, చెత్తబుట్ట దాకా నాలుగడుగులు వేసే ఓపిక లేదు. ఛీ!

జాలీ ఎందుకంటే, కుంటలో కార్ప్ చేపలున్నాయి. ఎప్పుడో ఎవడో ఇంట్లో తొట్టెలో పెంచుకుని, విసుగొచ్చి తెచ్చి పారేశాడు. బంగారుతీగ అని అందమైన పేరు ఒకటుంది దానికి. చేసేవన్నీ పంది పనులు. అడుగు బురదని మూతితో కుళ్లగిస్తుంది, మొక్కల్ని వేళ్లతో సహా పెకలిస్తుంది, నీళ్లని పాలు పోసిన టీలా చేసి పెడుతుంది. ఒక్క ఆడచేప ఏడాదికి లక్షల గుడ్లు పెడుతుంది. ఒక్క జత వాగులోకి జారిందంటే ఇక అంతే సంగతులు.

ఎందుకంటే వాగులో, రైలు వంతెన కింద మడుగులో, చిట్టిచేపలున్నాయి. చిటికెన వేలు కంటే చిన్నవి, ఒంటికి పొలుసు కూడా లేని తేనెరంగు చేపలు. ఒకప్పుడు మెల్‌బోర్న్ ఈ వైపున ప్రతి చిత్తడిలోనూ ఉండేవట. మా వాగు మొత్తానికి ఇప్పుడు ఆ ఒక్క మడుగే మిగిలింది. ఆదివారం నాడు జనం చర్చికి పోతారు, బీచికి పోతారు. నేను ఆ మడుగు దగ్గరికి పోయి బోర్లా పడుకుని వాటిని చూస్తాను. నవ్వితే నవ్వండి.

కుంటలో పూడిక తీయక ఇరవై ఎనిమిదేళ్లయింది. నీళ్లు కట్ట అంచుకి వచ్చేశాయి. ఒక్క పెద్ద వానకి కట్ట పొర్లితే జాలీ ఉండి ఏం లాభం? నెత్తీ నోరూ కొట్టుకోగా కొట్టుకోగా ఈ ఏడు కౌన్సిల్ కదిలింది. నీళ్లు తోడెయ్యడం, కార్ప్‌లన్నిట్నీ పట్టేయడం, పూడిక ఎత్తేయడం, మురికి ముందే దిగిపోయేలా ఎగువన చిన్న గుంట తవ్వడం, దాని కింద లోతులేని నీళ్లలో రెల్లు నాటడం. వాన నీళ్లు రెల్లు మధ్యనుంచి మెల్లగా నడిచి, శుభ్రపడి వాగులో దిగాలి. అదీ ఏర్పాటు.

సెప్టెంబరులో ఫుట్‌బాల్ క్లబ్ హాల్లో కాలనీవాళ్లకి మీటింగు పెట్టారు. నన్ను మాట్లాడమన్నారు. ముందు వరసలో సరస్సు మిత్రమండలి కూర్చుంది. దానికి పెద్ద వూలా కరాంజిస్. స్కూలు క్యాంటీన్లో ముప్పై ఏళ్లు వండి వార్చి రిటైరైన గ్రీకు ఇంటి ఆడమనిషి. నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. రోజూ పొద్దున్నే పాచిపోయిన రొట్టెలు సంచీడు తెచ్చి కుంటలో బాతులకి వేస్తుంది. ఆ రొట్టె కుళ్లి, బాతుల రెట్ట కుళ్లి, ఎండాకాలం నీళ్ల మీద పచ్చటి తెట్టు కడుతుంది. దాన్ని కూడా ఫోటో తీసి 'మన సరస్సు అందాలు' అని పెడుతుంది.

"సరస్సు ఎండగట్టేస్తారంట కదా!" అంటూ లేచింది వూలా. "రేపట్నుంచి కిటికీ తీస్తే నేను బురద చూడాలా?"

"ఇప్పుడు చూస్తున్నదీ బురదేనమ్మా. పైన కాసిని నీళ్లున్నాయి, అంతే తేడా," అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ మొహం కందిపోయింది.

"సరే, మీకన్నీ తెలుసు, మేం వెర్రివాళ్లం. మరి చేపలో? చేపల్నేం చేస్తారు?"

మంచి ప్రశ్న. ఆ సాయంత్రం ఆ హాల్లో ఎవరైనా అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. జవాబుకి రెండు నిమిషాలు చాలు. కాని ఆవిడ చంకలో రొట్టెల సంచీ ఉంది. ఆ పొద్దునే జాలీ నుంచి పీకిన కుళ్లు రొట్టె ముద్ద వాసన ఇంకా నా గోళ్లలో ఉంది.

"ఎరువు చేస్తారు," అన్నాను. "రుబ్బి సీసాల్లో పోస్తారు. మీ గులాబీలకి వేసుకోండి, బ్రహ్మాండంగా పూస్తాయి."

హాలంతా గొల్లున నవ్వింది. నా నోటి తీట తీరింది. బయటికొచ్చాక మా మట్టి తవ్వే యంత్రం నడిపే ఫెలేటి నా పక్కన నడుస్తూ తల అడ్డంగా ఊపాడు. టోంగా దీవుల మనిషి, ఏనుగంత ఉంటాడు, గొంతు మాత్రం ఎప్పుడూ పైకి లేవదు.

"ఆవిడకి అసలు సంగతేంటో చెప్పాల్సిందన్నా," అన్నాడు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదమంటావా?"

"ఆవిడ చెవిటిది కాదుగా. అడిగింది కూడాను."

నేను వినలేదు. ఇంటికి పోయి హాయిగా నిద్రపోయాను, సిగ్గులేని మనిషిని.

అక్టోబరు చివర నీళ్లు తోడటం మొదలుపెట్టాం. నాలుగో రోజుకి హంసల సరస్సు గుట్టు బయటపడింది. పైన పటారం, లోన లొటారం. నల్లటి పూడిక, మనిషి నడుం లోతు, తారులాగా మెరుస్తూ. కుళ్లిన గుడ్ల కంపు మూడు వీధుల దాకా కొట్టింది. సూపర్‌మార్కెట్ బండ్లు పదకొండు, పిల్లల సైకిళ్లు రెండు, లెక్కలేనన్ని టెన్నిస్ బంతులు, ఒక టాయిలెట్ సీటు. దాన్ని ఇంటి నుంచి ఇక్కడిదాకా మోసుకొచ్చి మరీ విసిరినవాడి ముఖం చూడాలని ఉంది నాకు. ఇన్నేళ్లూ దీని పక్కన కూర్చుని వైన్ తాగారు వీళ్లు. బురద చూసి అసహ్యపడాలా, వీళ్లని చూసి అసహ్యపడాలా?

శుక్రవారం సాయంత్రానికి మధ్యలో మోకాటి లోతు నీళ్లు మిగిలాయి. కార్ప్‌లు ఆ నీళ్లలోకి చేరి వీపులు బయటపెట్టి కొట్టుకుంటున్నాయి. వాటిని పట్టేవాళ్లు సోమవారం వస్తామన్నారు. కంచెకి తాళం వేసి, 'లోపలికి రావద్దు' అని బోర్డు తగిలించి వెళ్లిపోయాం. ఎందుకు రావద్దో బోర్డు మీద రాయలేదు. ఆ బోర్డు రాసింది నేనే.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి పంపు చూసిపోదామని వచ్చాను. కారు దిగగానే వేగుతున్న ఉల్లిపాయల వాసన. కంచె పక్కన గడ్డిమీద కాలనీవాళ్లు బార్బెక్యూ పెట్టారు, రొట్టెముక్కలో సాసేజీ చుట్టి అందరికీ పంచుతున్నారు. మనుషులంతా మొలదాకా నల్లటి బురద. కంచె ఒకచోట కత్తిరించి ఉంది. చుట్టూ బట్టల బుట్టలు, ఐస్ పెట్టెలు, పచ్చమూత చక్రాల చెత్తడబ్బాలు. పెనం మీద కరిగిన కొవ్వుని వూలా మొగుడు తీసుకెళ్లి రోడ్డు పక్క వాననీటి కన్నంలో ఒంపేస్తున్నాడు. అతని చొక్కా మీద 'సరస్సుని కాపాడండి' అని ఉంది.

వూలా నన్ను చూసి చేతులు చాచుకుంటూ వచ్చింది. కళ్లు తళతళలాడుతున్నాయి.

"కోప్పడకు నెవిల్! కోప్పడతావని తెలుసు, అయినా కోప్పడకు. నూట పన్నెండు! తెల్లారగట్ల నాలుగింటికి దిగాం. నా చేతుల్తో లెక్కపెట్టాను. ఒక్కటి కూడా చావలేదు. నీ సీసాలు ఖాళీ!"

"ఎక్కడ వేశారు?" అన్నాను.

"ఇంకెక్కడ, వాగులో! ఊరికే ఎక్కడ పడితే అక్కడ వెయ్యలేదులే. వాగంతా నడిచి, అన్నిటికంటే శుభ్రంగా ఉన్న చోటు చూసి మరీ వేశాం. రైలు వంతెన కింద. అద్దంలా ఉంటాయయ్యా అక్కడ నీళ్లు!"

ఎవరో నా చేతిలో సాసేజీ పెట్టారు. అది చేతిలో ఉండగానే పరిగెత్తాను. అరవై ఒక్క ఏళ్ల మనిషిని, బూట్లతో, వాగు వైపు పల్లానికి.

మడుగు అద్దంలా లేదు. పాలు పోసిన టీలా ఉంది. ఒడ్డున గడ్డిపోచలు వేళ్లతో సహా తేలుతున్నాయి. గోధుమరంగు వీపు ఒకటి నిదానంగా పైకి లేచి, గుండ్రటి మూతి తెరిచి, మళ్లీ మునిగింది. తన ఇంట్లో తిరుగుతున్నట్టు తిరుగుతోంది. నేను ఒడ్డున బోర్లా పడుకుని చూశాను. నా వేలి కొస కూడా కనబడలేదు. పదకొండేళ్లు చెయ్యి పెట్టి జాలీ తోమాను. నాలుగు గంటల్లో బట్టల బుట్టల్లో మోసుకొచ్చి పోశారు. ఏడుపొచ్చింది. ఏడ్చాను.

వెనకాల రొప్పుకుంటూ వూలా వచ్చింది. నన్ను చూసింది, నీళ్లు చూసింది.

"ఏమైంది? ఎవరన్నా పడ్డారా?"

చెప్పాను. లేచి కూర్చుని, ఆవిడ మొహం చూడకుండా, మొత్తం చెప్పాను. చిట్టిచేపలంటే ఏంటో, కార్ప్ ఏం చేస్తుందో, జాలీ ఎందుకో, ఎరువు ఎందుకో. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ మొహంలో నెత్తురు లేదు. గట్టు ఎక్కి, క్యాంటీన్ గొంతుతో కాలనీ అంతటికీ వినబడేలా అరిచి జనాన్ని రప్పించింది. నేను ఫెలేటికి ఫోన్ చేస్తే చర్చి బట్టల్లోనే వలలు పట్టుకొచ్చాడు. మడుగుకి ఎగువా దిగువా అడ్డం కట్టి, పొద్దు వాలేదాకా లాగాం. పట్టిన ప్రతి చేపనీ వూలాయే లెక్కపెట్టింది. గులాబీల మాట ఎవరూ ఎత్తలేదు.

ఎనభై మూడు దొరికాయి. చిట్టిచేపలు వలలో నాలుగు పడ్డాయి, నాలుగూ చచ్చినవే. మిగతా ఇరవై తొమ్మిది కార్ప్‌లు వలలు కట్టేలోపే వాగులోకి పోయాయి. గుడ్లు పెట్టే కాలం ఇదే.

జనం వెళ్లాక వూలా నా పక్కన రాయి మీద కూర్చుంది. ఇద్దరం ఒకే కంపు కొడుతున్నాం.

"ఆ రోజు హాల్లో ఎందుకు చెప్పలేదు నెవిల్?"

అబద్ధం చెప్పే ఓపిక లేదు. "మీరంటే నాకు అసహ్యం వేసింది. అందుకని."

ఆవిడ తల ఊపింది, తెలిసిన సంగతే అన్నట్టు. చేతులకంటిన పొలుసుల్ని ఒకటొకటే గీకి తీసుకుంది.

"నాకూ నువ్వంటే అంతే," అంది. "అయినా నేను అడిగాను కదా."