రెండో పక్క

దొర గుండె చప్పుడు అతని అరచేతికి తెలుస్తోంది.

మత్తు సూదికి కళ్లు సగం వాలాయి. పొట్ట పైకి లేస్తోంది... దిగుతోంది. మళ్లీ లేస్తోంది.

దొర అక్క పెంచుకున్న కుక్క. చాప వేయనిదే నేలమీద కూర్చోడు గనక ఆ పేరు. ముందుకాలు కుంటుతుంటే బెణుకే అనుకుని అక్క నెల రోజులు నూనె రాసింది. బెణుకు కాదు. వారం క్రితం పరీక్షలో తేలింది — ఎముకలో క్యాన్సర్.

ఊపిరితిత్తులకు పాకకపోతే కాలు తీసేసి, మందులిచ్చి, ఇంకొంత కాలం బతికించుకోవచ్చంది డాక్టరమ్మ. పాకితే, కాలు తీసీ లాభం లేదంది.

కాలు తీయడమా? అక్క ససేమిరా అంది. వారమంతా ఏడ్చింది.

ఈ పశువుల ఆసుపత్రిలో అతను ఇరవై ఏళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్నాడు. ఛాతీకి మూడు తీయాలి — కుడిపక్క, ఎడమపక్క, వెల్లకిలా. ఒత్తిగిలిన పక్క ఊపిరితిత్తి అణిగిపోయి, తన మచ్చల్ని దాచేసుకుంటుంది. అందుకే మూడూ చూసేదాకా పెదవి విప్పకూడదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని, కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది అతనే.

కుడిపక్కకు పడుకోబెట్టాడు. ఊపిరి నిండే క్షణం కోసం చూశాడు.

నిండింది. మీట నొక్కాడు.

తెరమీద నలుపు. శుభ్రమైన నలుపు. మబ్బు తునకైనా లేని ఆకాశం.

సంతోషంతో అతనికి ఒళ్లు తెలియలేదు. తలుపు తీశాడు.

"ఊపిరితిత్తుల్లో ఏమీ లేదక్కా."

అక్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. కౌంటరు వైపు నడిచింది. నడక కాదది... పరుగే.

అతను నవ్వుకుంటూ లోపలికొచ్చాడు. దొరను రెండో పక్కకు తిప్పాడు. ఇంకాస్త ఓపిక పట్టమని బతిమాలాడు.

ఊపిరి నిండింది. మీట నొక్కాడు.

మూడు తెల్ల మచ్చలు.

కాదు — నాలుగు. బఠాణీ గింజలంత.

కళ్లు తుడుచుకుని చూశాడు. తెర తుడిచి చూశాడు. అవి అక్కడే ఉన్నాయి. ఇందాక కూడా అక్కడే ఉన్నాయి — అణిగిన పక్కన, అతని మాట వింటూ.

ఇరవై ఏళ్లు. ఎంతమంది కాళ్లావేళ్లా పడ్డా ముందుగా ఒక్క మాట చెప్పలేదు. తోడబుట్టినదానికి చెప్పాడు.

మూడోది తీయడానికి చేతులు రాలేదు. సిగ్గు, భయం... ఏది ముందో తెలియలేదు.

తలుపు తట్టి అక్క లోపలికొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లలో, వారం తర్వాత, నవ్వు.

"కాగితం అడిగి సంతకం పెట్టేశాన్రా. కాలు తీసేయమన్నాను. మూడు కాళ్లతోనే ఇల్లంతా ఏలతాడు వీడు."

అతను తెరకు అడ్డు తప్పుకున్నాడు.

"రెండోది కూడా తీశానక్కా."

అక్క తెరవైపు చూడలేదు. వంగి, దొర చెవులు నిమురుతోంది.

"అందులోనూ అంతేగా?" అంది.