వెండి ముట్టకూడని ఎలుకలు

బోను కింది ట్రే లాగగానే షాహీనా గుండె ఆగినంత పనైంది. ఎలుకల పెంటికలు తళతళ మెరుస్తున్నాయి!

మెరిసినవి వేరే బోనువైతే ఆమెకేం బాధ లేదు. ఇవి ఉత్త నీళ్లు పోసే ఎలుకలవి. వెండి నానో రేణువులు కడుపులోకి పోతే ప్రమాదమా, కాదా తేల్చడం ఆమె ఎం.ఫార్మసీ పరిశోధన. కొన్ని ఎలుకలకు రోజూ వెండి ద్రావణం, కొన్నిటికి నీళ్లు. చివర్లో రెంటినీ పోల్చాలి. నీళ్లవి కూడా వెండి మింగితే ఇంక పోల్చేది దేన్ని? "తేడా వచ్చిందో, అంతా మళ్లీ మొదట్నుంచే" అని గైడు జ్ఞానానందం సారు ముందే హెచ్చరించారు. మళ్లీ మొదలంటే ఈ ఏడాది డిగ్రీ గోవిందా.

2008లో ఆ బాపట్ల కాలేజీ మొత్తానికి ఆమెకు పోటీ ఒక్కడే. రేపల్లె అజయ్ బాబు. పక్క బోన్లు అతనివే.

"నా సీసా ముట్టుకున్నావా?" అంటూ మీదికెళ్లింది.

"నీ సీసా నాకెందుకు తల్లీ? అయినా నానో వెండి కంటికి కనపడుద్దా ఏంటి? ఇది చూడు, రేకుల్లాగా మెరుస్తోంది!"

షాహీనా ఠక్కున ఆగిపోయింది. రేకులు! తెనాలిలో తమ్ముడు ఫరూక్ నిశ్చితార్థం. అమ్మ లాల్ బీ కట్టిచ్చిన జీడిపప్పు బర్ఫీ. దాని మీద వెండి రేకు. నిన్న ఆ డబ్బా తనే తెచ్చి అటెండరు చేతికిచ్చింది.

"పౌలన్నా!"

పౌలు చీపురుతో సహా వచ్చాడు.

"స్వీట్లు ఎవరెవరికి పెట్టావ్?"

"ఒక్కరినీ వదలకుండా పెట్టమన్నారుగా అమ్మా. ఆ బోనోళ్లకు రోజూ వెండి పోస్తారు, వీటికేమో ఉత్త నీళ్లు. మీ ఇంట్లో శుభకార్యమైతే వీటి నోరు తీపి కాకపోతే ఎట్టాగని..."

అప్పుడే లోపలికొచ్చిన జ్ఞానానందం సారు అంతా విన్నారు. "అయిపోయింది! మళ్లీ మొదట్నుంచి!"

"అన్నిటికీ పెట్టలేదండి సార్. ఈ ఒక్క బోనుకే సరిపోయిందండి."

షాహీనా మిగతా నీళ్ల బోన్ల ట్రేలు గబగబా లాగింది. ఎక్కడా మెరుపు లేదు. ప్రాణం లేచొచ్చింది.

"కిలో డబ్బా అన్నా! ఒక్క బోనుకేనా?"

పౌలు చీపురు వంక చూశాడు. "రుచి చూస్తామని ఎవరో గదిలోకి పట్టుకెళ్లారమ్మా. అడుగున రెండు ముక్కలు మిగిల్చారు."

సారుకి చెమట పట్టింది. జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నారు. నుదుటి మీద వెండి రేకు తళుక్కుమంది.

అజయ్ బాబు నవ్వు ఆపుకోలేక నోరు మూసుకుని బయటికి పరుగెత్తాడు. సారుకి షుగరని, ఆయన భార్య సారా మేడమ్ కాఫీలో చక్కెర కూడా పడనివ్వరని కాలేజీలో తెలియనిదెవరికి?

సారు గొంతు తగ్గింది. "ఈ బోను లెక్కలోంచి తీసేద్దాం. మిగతావి చాలు. ఎందుకు తీసేశామో థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాయమ్మా."

"ఎలుకల సంగతి మొత్తం రాస్తానండి," అంది షాహీనా వినయంగా. "డబ్బా సంగతి మాత్రం సారా మేడమ్ అడిగితేనే."